తైజు పతాకం

చీనా భాషను ఆపోశన పట్టిన మహామేధావి, ఆసేతుహిమాచలమూ గాలించినా, కడలిగిరి దుర్గంలోని దుభాషి సూరప ఒక్కడే. ఈ మాట ప్రతిరోజూ అనేవాడూ సూరప ఒక్కడే.

శత్రుసేనలు కోటను మూడు దిక్కులా చుట్టుముట్టిన ఆ వేసవిలో, సముద్రం మీదుగా ధాన్యం తెచ్చే చీనా ఓడ కోసం ప్రజలందరూ ఆకలితో ఎదురుచూస్తూండగా, స్వాగతపతాకం సిద్ధం చేయమని సేనాని ఎరపోతు నాయకుడు సూరపకు చెప్పాడు. సూరప ఆడంబరంగా 'తైజు' అనే రెండక్షరాలు పట్టుమీద చిత్రించి, రాజ్యాన్ని స్వయంగా స్థాపించిన భీమవల్లభ మహారాజుకు మహాపితరుడనే ఆ బిరుదే తగునని సభలో మీసం దువ్వాడు. ఇదివరకు వచ్చిన చీనా ఓడలో, ధూపం వేసిన పలకమీద చూసి నేర్చుకున్న అక్షరాలవి.

ఓడ వచ్చింది; పతాకాన్ని చూసి దూరానే ఆగింది. పడవలో ఒక నావికుడు తెల్లబట్టలతో వచ్చి, సూరపకు పళ్లూ అగరూ అందించి, ఏదో మెల్లగా చెప్పి వెళ్లిపోయాడు.

ఇదే అదనుగా మంత్రి నాగదేవుడు సభలో లేచాడు. "దేవరా, ఓడ ఊరికే ఆగలేదు. నాయకుడు శత్రువుకు అమ్ముడుపోయి ఆపించాడు."

ఎరపోతు కత్తి తీసి రాజు పాదాల ముందు పెట్టాడు. "నా తల దేవరది. అయితే వధ్యశిలమీద వద్దు. కోట తలుపు తెరిపించండి, శత్రువుల నడుమనే పడిపోతాను. నా బంట్లకు మాత్రం ఒక పూట గంజి పోయించండి."

రాజు కళ్లు తుడుచుకొని తలుపు తెరవమన్నాడు.

సూరప చేతిలోని పళ్లు బండరాళ్లంత బరువెక్కాయి. నాయకుడు సభ గుమ్మం దాటబోతుండగా అతడి కాళ్లమీద పడి, రాజు వైపు తిరిగి చేతులు జోడించాడు.

"తప్పు నాది, ప్రభూ. వంశాన్ని నిలిపిన తొలి రాజుకు, ఆయన గతించాకే ఆ దేశంలో తైజు అని పేరు పెడతారట. పతాకం చూసి ఓడవాళ్లు తమరు స్వర్గస్థులయ్యారనుకున్నారు. వెల చెల్లిస్తానని కొత్త రాజు మాట ఇచ్చేదాకా సరుకు దించరట. ఈ పళ్లు తమరి పితృపూజకే."

రాజు తన నైవేద్యం వంక కాసేపు చూసి, నాయకుడి కత్తి తానే తీసి అతడి చేతికిచ్చాడు. మంత్రి తల వంచుకున్నాడు.

"పడవ తెప్పించండి. నేనే వెళ్లి కనబడతాను. పద సూరపా, నేను బతికే ఉన్నానని చీనా భాషలో చెబుదువుగాని."

సూరప కదల్లేదు.

"తెలుగులోనే చెప్పండి ప్రభూ. ఇన్నేళ్లుగా వాళ్లు నాతో మాట్లాడేది తెలుగే. చీనా రానిది నాకే."