ముఖం లేని ఆడమనిషి

ఉదయం 10.20. స్టూడియోలో ఈజిల్ కింద చిత్రకారుడి శవం బోర్లా పడి ఉంది. తల వెనక దెబ్బ. పక్కనే నెత్తురంటిన ఇనప స్టూలు.

తలుపు బద్దలుకొట్టిన జాడ లేదు. ఇంట్లో ఉండేది ఆయన, చెల్లెలు. పొద్దున బజారుకెళ్లానని ఆవిడ ఏడుస్తూ చెప్పింది.

ఈజిల్ మీది బొమ్మను ఇన్‌స్పెక్టర్ ఫోన్‌లో ఫోటో తీశాడు. మనిషి కాళ్లతో సముద్రం మీద నడుస్తున్న కుర్చీ. అందులో ముఖం లేని ఆడమనిషి. చేతిలో తాళంచెవి. ఆయనకు తలా తోకా తెలియలేదు.

ఒంటిగంటకు కళావిమర్శకుణ్ణి స్టేషన్‌కి పిలిపించాడు. చిత్రకారుడి మీద లావుపాటి పుస్తకం రాసిన పెద్దమనిషి.

"ఆ ఇంటికి ఆఖరిసారి ఎప్పుడెళ్లారు?"

"నెలయింది."

ఇన్‌స్పెక్టర్ ఫోటో చూపించాడు.

"ముఖం లేదంటే మమకారం చచ్చిన మనిషి. తాళంచెవి పెత్తనానికి గుర్తు. మూలన గంతలు కట్టిన గుర్రం ఆయనే. బొమ్మ నిండా భయమే, సార్!"

ఇన్‌స్పెక్టర్ కళ్లు తెరుచుకున్నట్టయింది. తిన్నగా ఆ ఇంటికి వెళ్లి, గేటు దగ్గర ఇరుగుపొరుగు చూస్తుండగానే చెల్లెల్ని నిలదీశాడు.

"మీ అన్న బొమ్మలో నీ బండారమంతా బయటపెట్టాడు. ఎందుకు చంపావ్?"

"అది నేను కాదు బాబూ, మా అమ్మ. చిన్నప్పుడే పోయింది. ముఖం గుర్తురాక అలా ఖాళీగా వదిలేసేవాడు."

"కాకమ్మ కథలు చెప్పకు!"

అరవై ఏళ్ల మనిషిని జీపెక్కించాడు.

4.40. ఫోరెన్సిక్ ల్యాబ్ నుంచి ఫోన్.

"సార్, బొమ్మలో మూలనున్న గుర్రం రంగు ఇంకా తడిగానే ఉంది. ఈ పొద్దున వేసిందే."

ఇన్‌స్పెక్టర్ ఫోన్‌లో ఫోటో తెరిచాడు. వెతికాడు. గుర్రం లేదు. తను తీసేటప్పుడే ఆ మూల ఫోటోలో పడలేదు.

ఆయన చెవులు వేడెక్కాయి.

ఆరింటికి విమర్శకుణ్ణీ, చెల్లెల్నీ స్టూడియోకి తీసుకొచ్చాడు.

"నేను చూపించిన ఫోటోలో గుర్రమే లేదు. పొద్దున వేసిన గుర్రం, నెలగా ఇటు రాని మీకెలా తెలిసింది?"

విమర్శకుడు కళ్లజోడు తీశాడు.

"నా పుస్తకంలో అర్థాలన్నీ తప్పని పేపర్‌కి రాస్తానన్నాడు. పైగా నవ్వాడు. ఒళ్లు తెలియక స్టూలెత్తాను..."

కానిస్టేబుల్ బేడీలు వేశాడు.

ఇన్‌స్పెక్టర్ చెల్లెలి వైపు తలెత్తలేకపోయాడు. ఆవిడ తనకు నిజమే చెప్పింది. తను చెవిన పెట్టలేదు.

"క్షమించండమ్మా."

"నన్ను గేటు దగ్గర అన్నారు కదా బాబూ. ఇదీ అక్కడే చెప్పండి."

బయట జనం ఇంకా కదల్లేదు. ఇన్‌స్పెక్టర్ టోపీ తీశాడు.

"ఈవిడ ఏ పాపమూ ఎరగదు. తప్పు నాది."

చివరి మాట ఆయనకే వినపడలేదు.

ఆవిడ పక్కకొచ్చి నిలబడింది.

"కాస్త గట్టిగా, బాబూ."