నిద్రగన్నేరు మీది పిలుపు

మూతపడ్డ బిస్కెట్ల ఫ్యాక్టరీ వెనక, సందు మలుపులో ఒక నిద్రగన్నేరు ఉంది. పొద్దు వాలితే చాలు, ఆకులన్నీ ముడుచుకుని చెట్టు చెట్టంతా కళ్ళు మూసుకున్నట్టు ఉంటుంది. కానీ నిద్రపోదు… అంటారు.

వీధి దీపాలు వెలిగాక ఆ సందులోకి ఒంటరిగా ఎవరూ రారు. సైకిలు మీద వచ్చేవాళ్ళు మలుపుకి ముందే జోరు పెంచుతారు. ఫోన్లో గట్టిగా మాట్లాడుకుంటూ వచ్చేవాళ్ళు కూడా అక్కడికొచ్చేసరికి ఎందుకో గొంతు తగ్గిస్తారు. పైనుంచి ఎవరో పిలుస్తారట. తలెత్తకూడదట. పలకకూడదట. పలికితే—

"పలికితే ఏమవుతుంది బాబాయ్?" అని అడిగింది, అందరూ ఉడత అని పిలిచే అమ్మాయి.

పంక్చర్ షాపాయన ట్యూబుని నీళ్ళ తొట్టిలో ముంచి బుడగల కోసం చూస్తున్నాడు. తల తిప్పలేదు. "పలికినవాడు తిరిగొస్తే కదమ్మా చెప్పడానికి!"

"నువ్వు విన్నావా?"

"విన్నా. పలకలేదు. అందుకే ఇలా నీ ముందు కూర్చుని అతుకులేస్తున్నా."

"ఏమని పిలిచింది?"

"ఆ మాట మాత్రం నా నోటితో అనను తల్లీ. మా ఆవిడకే చెప్పలేదు."

"పిన్నికే చెప్పనివాడివి నాకేం చెప్తావులే," అని నవ్వి లేచింది ఉడత. నవ్వింది గానీ, చేతిలో తాడు చుట్టని ఎప్పుడు అంత గట్టిగా పట్టుకుందో తనకే తెలీదు.

చెట్లెక్కి కొమ్మలు దించే ముఠాలో పని ఉడతది. అందులో ఎక్కే ఆడపిల్ల తనొక్కతే. ఎక్కడం చూసి ఉడత అని పేరెట్టారు, అదే మిగిలిపోయింది. ఆమెకి ముందు ఆ ముఠాలో వాళ్ళ అన్న ఎక్కేవాడు. మూడు వానాకాలాల కిందట ఇదే చెట్టు మీద పోయాడు. దించుతున్న కొమ్మ ఊగి వచ్చి ఛాతీకి కొట్టిందని, మధ్యాహ్నమే, అక్కడికక్కడే పోయాడని, ఆస్పత్రి దాకా తీసుకెళ్ళి వచ్చేసరికి ఇంత పొద్దుపోయిందని ముఠా మేస్త్రీ ఆ రాత్రి వచ్చి చెప్పాడు. "నేను కిందే ఉన్నానక్కా, కదల్లేదు. ఒక్క క్షణం. నొప్పి కూడా తెలిసుండదు," అని అమ్మ చేతులు పట్టుకుని ఏడ్చాడు.

ఆ ఒక్క క్షణం మీదే వాళ్ళిల్లు నిలబడి ఉంది. అమ్మ అన్నం తింటున్నదీ, నిద్రపోతున్నదీ ఆ మాట పట్టుకునే. ఇరుగుపొరుగు పలకరించినా అదే చెప్పేది— "పోవడమైతే పోయాడు గానీ, బాధపడలేదంట." ఉడత ఏ చెట్టెక్కుతానన్నా ఊరుకునేది గానీ, ఆ చెట్టు పేరెత్తితే మాత్రం పళ్ళెం ముందు నుంచి లేచిపోయేది. ఎందుకో చెప్పేది కాదు.

మొన్నటి గాలివానకి ఆ నిద్రగన్నేరు కొమ్మొకటి మొదట్లో చీలి, సందు మీదకి వేలాడింది. పొద్దున్నే బడి పిల్లలు నడిచే దారి. రాత్రిలోపు దించాలి. ముఠాలో ఒకడికి నడుం పట్టేసింది, ఇంకొకడికి ఉన్నట్టుండి జ్వరం వచ్చింది.

"దెయ్యమంటే మగాళ్ళందరికీ జ్వరాలే," అన్నాడు మేస్త్రీ. "నువ్వు ఎక్కుతావా, చెప్పు. బలవంతం లేదు."

"ఎక్కుతా. మీరు కిందుంటారుగా?"

"ఎక్కడికి పోతానే!"

బరువు కట్టిన సన్నదారాన్ని పై పంగలోంచి విసిరి, దాని వెంట ఎక్కే తాడు లాక్కుంది. హెల్మెట్ పట్టీ బిగించుకుంది. నడుంకీ తొడలకీ వేసుకున్న పట్టీల కొక్కేలు ఒకటికి రెండుసార్లు గుంజి చూసుకుంది. రెండో తాడు సందు మొదట్లో, మేస్త్రీ కాళ్ళ దగ్గర చుట్టగా పడి ఉంది. అది పైకెక్కినవాళ్ళ కోసం. ఎవరైనా చెట్టు మీద ఇరుక్కుంటే కిందవాడు దాన్నేసుకుని ఎక్కి దించాలి… వెంటనే దించాలి. పట్టీలో వేలాడే మనిషికి తొడల దగ్గర బిగిసిపోయి రక్తం ఆడదు. దెబ్బ తగలకపోయినా సరే, ఊరికే వేలాడినా సరే, ప్రాణం మెల్లమెల్లగా జారిపోతుంది. అందుకే ముఠాలో మొదటి నియమం— కింద మనిషి లేకుండా పైకి మనిషి వెళ్ళకూడదు.

చిన్న కొమ్మలు ముందు దించింది. వాటిని లారీలో వేసుకుని డ్రైవరు వెళ్ళిపోయాడు. వెలుతురు పలచబడింది. ఆమె చుట్టూ ఆకులు ఒక్కొక్కటే… చప్పుడు లేకుండా… ముడుచుకోసాగాయి.

చీలిన కొమ్మ దగ్గరికి చేరింది. బెరడు ఊడిపోకుండా ముందు అడుగున గాటు పెట్టాలి, తర్వాత పైనుంచి కొయ్యాలి. అడుగు గాటు పెట్టేసింది. ఇక పైది.

రంపం ఆపి, కిందకి వంగి, రోజూ అరిచినట్టే అరిచింది.

"కింద ఎవరు?"

దానికి బదులు ఒకటే. కిందవాడు సందు ఆ చివరా ఈ చివరా చూసి, "ఎవరూ లేరు!" అని అరవాలి. ఆ బదులు వచ్చేదాకా రంపం కదపకూడదు.

రాలేదు.

"కింద ఎవరు?"

…

గాలి కూడా లేదు. మేస్త్రీ నిలబడాల్సిన చోట తాడు చుట్ట ఉంది. మేస్త్రీ లేడు.

సగం తెగిన కొమ్మ పక్కన, ఉన్నచోటే పట్టీలో కూర్చుండిపోయింది. మూడోసారి అరిచింది.

"కింద… ఎవరు?"

చెట్టు కింద ఏదో కదిలింది. ఎవరో గోడ పట్టుకుని నిలబడ్డారు.

"అమ్మాయ్…" గుసగుసగా పిలిచాడు పంక్చర్ బాబాయ్. "పైనున్నది నువ్వేనా?"

"నేనే బాబాయ్. మా మేస్త్రీ ఎక్కడ?"

"టీ కొట్టు వైపు వెళ్ళాడు, చాలాసేపయింది. అది సరే…" తలెత్తకుండానే అడిగాడు. "దెయ్యం మాట నువ్వెందుకంటున్నావమ్మా?"

"దెయ్యం మాటేంటి?"

"అదే. ఇప్పుడన్నావే. కింద ఎవరు, అని. ఆ సాయంత్రం కూడా అచ్చం అదే. లారీ లేదు, మీ వాళ్ళెవరూ లేరు, సందంతా ఖాళీ. పైనుంచి… కింద ఎవరూ… కింద ఎవరూ… అని. షాపు కట్టేదాకా పిలుస్తూనే ఉందనుకో. మొదట గట్టిగా పిలిచింది. రాన్రానూ బతిమాలినట్టు. చివరికి మూలిగినట్టు. మేం నలుగురం విన్నాం. నలుగురం పరిగెత్తాం."

ఆమె తాడు పట్టుకుని ముందుకి వంగింది. "ఏ సాయంత్రం బాబాయ్?"

"ఇంకేది! చెట్టు మీద మీ కుర్రాడొకడు పోయాడే, ఆ రోజే."

"మరి… అతనే పిలిచాడేమో అనుకోలేదా?"

"భలేదానివే! అతను మధ్యాహ్నమే పోయాడని మీ మేస్త్రీయే అందరికీ చెప్పాడు కదా. మధ్యాహ్నం పోయినవాడు సాయంత్రం ఎలా పిలుస్తాడు? దెయ్యం కాకపోతే!"

తను ఆ కుర్రాడి చెల్లెలినని అతనికి తెలీదు. ఆమె చెప్పలేదు.

పంక్చర్ బాబాయ్ గోడ వెంబడే వెనక్కి వెళ్ళిపోయాడు.

ఇప్పుడు ఆమెకి మొత్తం కనిపిస్తోంది, చీకట్లోనే బాగా కనిపిస్తోంది. కొమ్మ ఊగి వచ్చి కొట్టి ఉంటుంది, అంతవరకూ నిజమే. తర్వాత అన్న ఇక్కడే వేలాడుతున్నాడు. తాడు ఇరుక్కుంది. మేస్త్రీ ఎక్కడో ఉన్నాడు. కింద చెప్పుల చప్పుడు. ఎవరో వస్తున్నారు. పైనున్నవాడి నోటికి అలవాటైన మాట అదొక్కటే… ఆ మాట వినగానే చెప్పుల చప్పుడు పరుగందుకుంటుంది. మళ్ళీ ఇంకొకరు. మళ్ళీ పరుగు. అన్నని మధ్యాహ్నమే చంపేసిన అబద్ధం ఒకటి, సాయంత్రానికి దెయ్యాన్ని పుట్టించింది.

సందు మొదట్లో దగ్గు వినిపించింది. మేస్త్రీ తిరిగొచ్చి, ఏమీ ఎరగనట్టు తాడు పక్కన నిలబడ్డాడు.

ఆమె పైనుంచి అతని వైపు చూసింది. తర్వాత అరిచింది.

"కింద ఎవరు?"

"ఎవరూ లేరు!"

అలవాటుగా వచ్చేసింది అతని నోట. అతను ఆడిన నిజం అదొక్కటే.

కొమ్మ కోసింది. అది సందంతా అదిరేలా పడింది. కిందకి దిగి కొక్కెం విప్పుతుంటే మేస్త్రీయే ముందు మాట్లాడాడు.

"ఆలస్యం చేశావేంటే? ఇక్కడే ఉన్నాగా, కదల్లేదు."

"మా అన్నప్పుడూ కదల్లేదుగా మేస్త్రీ గారూ."

అతని చేతిలో తాడు ఆగింది. "ఎన్నిసార్లు చెప్పాలే… ఒక్క క్షణం—"

"చెప్పండి. నా మొహం చూసి చెప్పండి."

చూడలేదు. తాడు చుట్టడం మొదలెట్టాడు. చుట్టింది మళ్ళీ విప్పి, మళ్ళీ చుట్టాడు.

దారంతా ఉడత ఒకటే అనుకుంది. అమ్మకి చెప్పేస్తాను. రేపు అందరినీ పిలిచి మేస్త్రీని నిలదీస్తాను. పంక్చర్ బాబాయ్‌తో చెప్పిస్తాను. క్షణం కాదమ్మా, సాయంత్రమంతా, అని చెప్పేస్తాను.

అమ్మ గుమ్మంలోనే ఉంది. దగ్గరికొచ్చి కూతురి జుట్టులోంచి ఒక ముడుచుకున్న ఆకుని తీసి చూసింది.

"ఆ చెట్టేనా?"

"అమ్మా, నీకొకటి చెప్పాలి."

"ముందు నేను చెప్పేది విను." అమ్మ ఆకుని వేళ్ళ మధ్య నలిపింది. "ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదు, నవ్వుతారని. ఆ రోజు మీ అన్న ఎంతకీ రాకపోతే వెతుక్కుంటూ వెళ్ళాను. సందులో నరపురుగు లేదు. ఆ చెట్టు కిందకి వెళ్ళాను… పైనుంచి అడిగింది."

"ఏమని?" అంది ఉడత.

"కింద ఎవరూ, అని. ఆడగొంతో మగగొంతో కూడా తెలీలేదే. అప్పటికే మీ అన్నని తినేసి, ఇంకా ఆకలి తీరక నన్ను పిలుస్తోందని నాకేం తెలుసు? చెప్పులు వదిలేసి పరిగెత్తుకొచ్చాను." అమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది. "నువ్వు కూడా విన్నావు కదూ? నీ మొహం చూస్తేనే తెలుస్తోంది. చెప్పు. అది దెయ్యమే కదూ?"

లోపల కుక్కరు ఈల వేసి ఆగిపోయింది.

"అవునమ్మా," అంది ఉడత. "దెయ్యమే."