సాటికోట

పిడుగులను పశువుల్లా కట్టేసి పెంచే రాక్షసుడొకడు సానగిరి రాజ్యం నెత్తిన కూర్చున్న నాటి మాట ఇది. వాడి పేరు కరకోరడు. నల్లకొండ మీద వాడి కోట. దాని లోపల ఏడు వందల రాగి తీగలు పాముల పుట్టలా అల్లుకుని ఉండేవి. ఎన్ని అల్లికలున్నా గోడ బయటికి వచ్చినవి మాత్రం రెండే రాగి కొమ్ములు. వాటిని రెండు చేతులా పట్టుకుని వాడు రోజూ మెరుపు తాగేవాడు. ఆ మెరుపు వాడి మంత్రానికి లొంగింది గనుక వాణ్ణి కాల్చేది కాదు. మిగిలిన వాళ్లు ముట్టుకుంటే మసే.

“నా కోటకు సాటికోట కట్టి తెండి. ఏది ఏదో నేను పోల్చలేకపోతే మీ రాజ్యం వదిలేస్తా. పోలిస్తే తెచ్చినవాణ్ణి తింటా” అని వాడు పందెం వేశాడు. రాజు సోమకీర్తి మూడు వందల మంది పనివాళ్లను పంపాడు. తీగ తీగనూ చూసి అచ్చుదించాలని వాళ్లు కోట లోపలికి దూరారు. కాలిన ఎముకలు గోడ మీది నుంచి దొర్లి వచ్చాయి.

ఆ గుంపుతో వెళ్లి ప్రాణాలతో మిగిలినవాడు గంగులు ఒక్కడే. చెరువు తూము దగ్గర ఉండి పొలాలకు నీరు పంచే నీరటి అతను. తూముకు పలక అడ్డం వేస్తే నీరు ఆగుతుంది కదా, మెరుపునూ అలాగే ఆపుదామని రెండు కొమ్ములకూ అడ్డంగా ఇనుపకమ్మి పెట్టాడు. మెరుపు ఆగలేదు, వరదలా పారింది. కుడిచెయ్యి మోచేతి దాకా బొగ్గయింది. కరకోరడు అతణ్ణి గోడకు వేలాడదీసి, “అమావాస్యకు నీ పులుసే” అన్నాడు.

అమావాస్య నాలుగు రోజులుందనగా గంగులు చెల్లెలు అంకాలు బయలుదేరింది. అన్న లేనప్పుడు తూము చూసేది తనే.

అడవిలో గుర్రమంత ఉడుము ఒకటి ఆమె కాలు పట్టేసింది. దాని మెడలో బల్లెం విరిగి ఉంది.

“నన్ను మింగితే ఆ బల్లెం ఎవరు పీకుతారు తాతా?” అంది అంకాలు.

ఉడుము పట్టు వదిలింది. ఆమె దాని మెడ మీద కాలు తన్నిపెట్టి బల్లెం పీకింది. నెత్తురు చివ్వున మొహాన కొట్టింది.

“ఏం తెలుసని పోతన్నావమ్మీ ఆ కొండకి?” అంది ఉడుము, నొప్పి తగ్గాక.

“మా అన్న గంగులుకు లాగే నాకూ తూము సంగతి తెలుసు. ఎగువన కాలవలు ఎట్టా తిరిగితే నాకేం? పలక దించితే నీరు ఎంతెత్తు నిలిచిందో, పూర్తిగా ఎత్తితే ఎంత పారిందో చూస్తా. ఆ రెండూ తెలిస్తే ఏ చెరువూ నాతో అబద్ధమాడలేదు.”

“మీ అన్నా ఆ తెలివితోనే చెయ్యి కాల్చుకున్నాడు. నీటికి దారి మూస్తే ఆగుడు. మెరుపుకి దారి మూస్తే పారుడు. మధ్యలో సందు ఉంటేనే అది నిలబడేది.”

అంకాలు మొహాన నెత్తురు తుడుచుకుంది. “అంటే మావాడు ఆపబోయి బార్లా తెరిచాడన్నమాట.”

ఉడుము తన పొదలోంచి బుట్టెడు మెరుపు గుడ్లు, ఒక్కోదానిలో కాస్తంత మెరుపు దాగినవి, ఇచ్చి పంపింది.

మిట్టమధ్యాహ్నం కరకోరడు గురకపెడుతుంటే అంకాలు కొమ్ముల దగ్గరికి చేరింది. మెరుపు పారని ఎండు వెదురు పట్టకారుతో ఒక కొమ్ముకు రాగి తీగ తగిలించి, దానితోనే తీగ కొసను రెండో కొమ్ము దగ్గరికి జరిపింది. బెత్తెడు దూరంలో నిప్పు దూకింది. అది నిలిచిన ఎత్తు. తర్వాత ఇనుపకమ్మిని రెండిటి మీదా పడేసి లెక్కపెట్టింది. ఇరవై అనేసరికి కమ్మి ఎర్రబడింది. అది పారే వేగం. లోపలి ఏడు వందల తీగల వంక ఆమె చూడనే లేదు.

వెనక్కి వచ్చి కుండలో గుడ్లు ఒకదానికొకటి తగిలేలా వరసగా పేరుస్తూ, రెండు కొసలకూ తీగలు తగిలించి చూసింది. ఏడో గుడ్డుకు నిప్పు సరిగ్గా బెత్తెడు దూకింది. అయితే అలాంటి కమ్మే ఐదు లెక్కకే ఎర్రబడింది. కోట లోపల మెరుపుకు అడ్డు ఎక్కువన్నమాట. వెదురు గొట్టంలో తడి ఇసుక కూరి మెరుపు పారే దారిలో పెట్టి, లెక్క ఇరవై అయ్యేదాకా పిడికెడు పిడికెడే పెంచుతూ పోయింది.

మర్నాడు కరకోరడు నిద్ర లేవకముందే తడిక కట్టి, కోట కొమ్ముల నుంచి లాగిన తీగలనూ కుండ తీగలనూ దాని వెనక నుంచి బయటికి తెచ్చింది. ఏ జత దేనిదో వాడికి తెలియదు. సాటికోటను కుండలో తెచ్చానని వాణ్ణి పిలిచింది.

“కోటకు సాటి కుండా? నిన్ను నంజుకుంటానే” అని కరకోరడు నవ్వాడు.

“ముందు పోల్చవయ్యా. తర్వాత నంజుకుందువు.”

వాడు రెండు జతలకూ గొలుసులు వేశాడు. ఒకేలా ఎర్రబడ్డాయి. తడితాళ్లు వేశాడు. ఒకేలా పొగలొచ్చాయి. రెండు అడవిదున్నలను ఈడ్చుకొచ్చి కట్టాడు. రెండూ ఒకే ఊపిరిలో కూలిపోయాయి. కోపంతో వాడు గోడ మీది గంగులు బొగ్గుచేతిని పుటుక్కున విరిచి విసిరేశాడు. గంగులు అరిచిన అరుపుకు అంకాలు పళ్లు బిగించింది గాని కదలలేదు.

“నా మెరుపు నా ఒంటికి తెలుసు” అంటూ వాడు మొదటి జత పట్టుకుని గుటకలు వేశాడు. తన కోట రుచే. రెండోదీ అలాగే ఉంటుందేమోనన్న అనుమానం వాణ్ణి తొలిచింది. ఇదే జరగాలని అంకాలు కాచుకుని ఉంది. ఎటు నుంచి మొదలెట్టినా కుండ జత ముట్టుకోక తప్పదు.

వాడు రెండోది పట్టుకున్నాడు. గుడ్లలోని మెరుపుకు వాడి మంత్రం తెలియదు. గుప్పిళ్లు విడివడలేదు. కళ్లు పేలాయి, కోరలు పగిలాయి.

“సాటి అన్నావు కదే” అని మూలిగాడు.

“బయటికి సాటి అయ్యా. లోపల ఎవరి కాపురం వాళ్లది.”

వాడు బూడిదగా రాలాడు. అంకాలు పరుగున వెళ్లి అన్నను గోడ నుంచి దించింది. కోట కూలి, కట్టేసిన పిడుగులన్నీ మబ్బుల్లోకి పారిపోయాయి. సోమకీర్తి నల్లకొండ సీమ ఏలుబడిని అంకాలుకు అప్పగించాడు. ఆమె మొదటి ఉత్తర్వు తూముల గురించే. ఎడమచేత్తో పలక పట్టుకుని గంగులు అడిగాడు:

“మూయమంటావా రాణీ? నీటి మూతా, మెరుపు మూతా?”

“ముందు నీ నోరు మూయి అన్నా” అంది అంకాలు. ఇల్లు వదిలాక మొదటిసారి ఏడ్చింది.