కోడలు కట్టిన గేరు

తెల్లారేసరికే పద్మకుమారి పెరట్లో గోనెసంచి పరుచుకుని కూర్చుంది. ఎదురుగా మొగుడి గేరు సైకిలు తలకిందులుగా నిలబెట్టి ఉంది. పొయ్యి మీద గంజి పొంగుతున్నా ఆమెకి పట్టలేదు.

"ఒసే పద్దా! పొయ్యికాడ ఉండాల్సినదానివి సైకిలుకాడ ఏటి సేస్తన్నావే?" అత్త జగ్గమ్మ కేకేసింది. కేకేస్తూనే తనే వెళ్ళి కుండ దించింది. నోరు పెద్దదే గానీ జగ్గమ్మ మనసు వెన్న.

ఆ ఇంట్లో ఆ సైకిలంటే మాటలు కాదు. పద్మకుమారి మొగుడు జగన్నాధానికి చిన్నప్పుడు ఎద్దు తన్ని కుడి మోకాలు చచ్చుబడింది. కొండగట్టు మీది ఊళ్ళో బడిపంతులు ఉద్యోగం వచ్చినప్పుడు, రోజూ ఆ ఎగువ ఎలా ఎక్కుతాడని ఊరంతా పెదవి విరిచింది. తండ్రి అప్పలసూరి మాత్రం కళింగపట్నం దాకా పోయి, మూడు గేర్ల విలాయతీ సైకిలు ఒకటి వెతికి పట్టుకొచ్చాడు. చిన్న గేరు వేస్తే నీరసం మనిషి కూడా గట్టెక్కేస్తాడు. అప్పట్నుంచి జగన్నాధం బడి మానిన రోజు లేదు.

అలాంటిది నిన్న గట్టు మధ్యలో గేరు జారిపోయింది. బలంగా తొక్కుతున్న కాలు ఒక్కసారి గాల్లోకి పోయి, మనిషి రాళ్ళ మీద పడ్డాడు. గడ్డం పగిలి, చొక్కా నిండా రక్తంతో వచ్చిన కొడుకుని చూసి అప్పలసూరికి కాళ్ళూ చేతులూ ఆడలేదు. రాత్రి తెల్లవార్లూ పడ్డ ఆ భయమే పొద్దున్నకి కోపమై పెరట్లోకి వచ్చింది.

"ఆ సైకిలు నూతిలో పడేస్తాను. ఉద్యోగమూ వద్దు, ఏటీ వద్దు. ఒరే జగన్నాధం, ఇవాళే మానేస్తానని సెప్పెయ్. మనకి మడిసెక్క లేదేటి?"

"బడి మానేసి నేనేటి సెయ్యాల అయ్యా? నాలాంటి కాలుతో మడిలో దిగనా? ఆ పిల్లలకి అక్షరం సెప్తంటేనే నేను మనిషినని అనిపిస్తాది."

"పేణం కన్నా ఎక్కువేటిరా ఆ అక్షరం?"

తండ్రీ కొడుకులు ఇద్దరూ మొహాలు తిప్పేసుకున్నారు. పద్మకుమారి తలెత్తింది.

"మావా, ఈ ఒక్కరోజూ ఆగు. నేను బాగుసేస్తాను."

"నిన్న సూపిస్తే సైకిలు షాపోడే తన వల్ల కాదన్నాడు. నీ వల్ల ఏటవుతాదమ్మీ?"

ఆమె పానా అందుకుంది. ఆమె తండ్రికి ఆమదాలవలసలో గడియారాలు బాగుచేసే కొట్టుంది. ఆయన బల్ల పక్కనే పెరిగిన పిల్ల. వెనక చక్రం బొడ్డు విప్పి, లోపలి ముక్కల్ని తీసిన వరసలోనే గోనె మీద పేరుస్తోంది. కోడిపిల్ల ఒకటి వచ్చి పొడవబోతే దాని మీద తట్ట బోర్లించింది గానీ చెయ్యి ఆపలేదు. ఆ చేతుల నిదానం చూస్తూ జగన్నాధం గడ్డం నొప్పే మర్చిపోయాడు.

బొడ్డు లోపల నల్లటి జిగురు. పళ్ళచక్రాన్ని పట్టుకోవాల్సిన చిన్న కొక్కేలు ఆ జిగురులో ఇరుక్కుపోయాయి. పద్మకుమారి వేలితో తీసి వాసన చూసింది. ఆముదం, అందులో మసి. ఎడ్లబండి ఇరుసుకి వేసే కందెన! ఆ ఇంట్లో బండికి కందెన వేసే చెయ్యి ఒక్కటే. ఆమె ఒక్కసారి మావగారి వైపు చూసి, గబగబా కిరసనాయిలు పోసి కడగడం మొదలెట్టింది.

"ఏటమ్మీ అది?"

"పాత నూని మావా. పేరుకుపోయినాది."

అప్పలసూరి వంగి వాసన పీల్చాడు. అలాగే గోనె పక్కన చతికిలబడిపోయాడు.

"నాకు తెలీకుండా దాసేస్తన్నావా తల్లీ? నేనేసిన కందెనే ఇది. నా కొడుకు కాలికి సులువుగా ఉండాలని, బండికి ఏసినప్పుడల్లా దీనికీ పోసేను. ఆడి గెడ్డం నేనే పగలగొట్టేను."

అంత మనిషీ కండువా మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చాడు.

"పేమతో ఏసినదే కదా మావా! దీనికి కుట్టుమిషను నూని లాగ పల్చటిది కావాల, అంతే."

"అందుకేటి నా ఆముదం సీసా ఎప్పుడూ అడుగంటేస్తన్నాది!" అంది జగ్గమ్మ, కళ్ళు తుడుచుకుంటూనే.

పద్మకుమారి కడిగిన కొక్కేలకి ఆ పల్చటి నూనె వేసి బొడ్డు తిరిగి బిగించింది. అక్కడితో ఊరుకోలేదు. గేరు మీట నడిమి కడ్డీకి ఉండేది. ఎగువలో చెయ్యి వదిలి వంగితే తప్ప అందేది కాదు. దాన్ని ఊడదీసి, అందులో అరిగిన స్ప్రింగు బదులు పుట్టింటి నుంచి తెచ్చుకున్న గడియారం స్ప్రింగు ముక్క వంచి పెట్టి, పొడుగాటి కొత్త తీగ తగిలించి, హేండిలుకే బిగించింది. బొటనవేలు ఆనిస్తే చాలు, గేరు మారుతుంది. షాపులో చేసినా అంత పొందికగా రాదు.

మర్నాడు జగన్నాధం సైకిలు పట్టుకోబోతే అప్పలసూరి అడ్డొచ్చాడు.

"ఆగరా. ముందు నేనెక్కుతాను. పడితే నేనే పడాల."

ఎవరు చెప్పినా వినలేదు. పంచె ఎగ్గట్టి, గట్టు మొదట్లో చిన్న గేరు వేసి, కావాలనే ఒళ్ళంతా బరువేసి తొక్కాడు. కింద ముగ్గురూ ఊపిరి బిగబట్టారు. గేరు జారలేదు. ముసలాయన కొడుకు పడ్డ చోటు దాటాడు, మలుపు దాటాడు, గట్టు మీదికి చేరాడు.

అక్కణ్ణుంచి కేక వినపడింది.

"పంతులుగారూ, రండి! బడికి ఏళవుతున్నాది!"

కన్నకొడుకుని ఆయన గారూ అనడం అదే మొదలు. జగన్నాధం కుంటుకుంటూనే పైకి పరిగెత్తాడు. పద్మకుమారి ఏడుస్తూ నవ్వుతూ, మసి చేతుల్తోనే కళ్ళు తుడుచుకుంది. నల్లబడ్డ ఆ మొహాన్ని జగ్గమ్మ దగ్గరికి తీసుకుని, కొత్త చీర కొంగుతోనే తుడిచింది.