నిమ్మకాయల గుడ్డ కింద రొట్టెలు

"ఏవండీ, ఇంకో ముక్క మింగారంటే మర్యాదగా ఉండదు!"

తలుపు తీయగానే నా చెవిన పడ్డ మొదటి మాట ఇది. గుమ్మంలో ఒకమ్మాయి. చంకలో రొట్టెల చెక్కపలక, మెడలో కొలతల టేపు. వానలో తడిసి వచ్చింది, ముక్కు కొసన ఒక చినుకు వేలాడుతోంది. అంత కోపంగా ఉన్న మనిషిని చూసి నవ్వకూడదని తెలుసు. అయినా నవ్వొచ్చేసింది.

"నవ్వుతారేం? ఇవి మీ రొట్టెలు. రొట్టెలా ఇవి, రాళ్ళు! మా నానమ్మ పన్ను కదిలిపోయింది. మా పలక మాకిచ్చేయండి."

మా సలే ఊరి పాతబస్తీలో ఆదివారం పొద్దున్నే ఎవరి పిండి వాళ్ళు కలుపుకుని, రొట్టెలు ఒత్తి, పలక మీద పేర్చి, గుడ్డ కప్పి అల్లాల్ తాత బట్టీకి తీసుకెళ్తాం. కాలాక మళ్ళీ వెళ్ళి తెచ్చుకుంటాం. గుడ్డను చూసే ఏ పలక ఎవరిదో తాత గుర్తుపడతాడు. మా గుడ్డ మీద పచ్చటి నిమ్మకాయలు. ఆమె పలక మీదా అవే నిమ్మకాయలు!

ఇవాళ రొట్టెల్లో నువ్వులూ సోంపూ ఎక్కణ్ణుంచి వచ్చాయో అప్పుడు వెలిగింది నాకు.

"కాస్త మెల్లగా, మీకు పుణ్యముంటుంది" అన్నాను తలుపు దగ్గరగా వేస్తూ. "లోపల మా నాన్న తింటున్నాడు."

"అయితే?"

"అమ్మ పోయాక ఆయన పొద్దున పూట టేబుల్ దగ్గర కూర్చోవడం ఇదే మొదటిసారి. నిలబడి కాఫీ తాగేసి వెళ్ళిపోయేవాడు. ఎంత బతిమాలినా కూర్చోడు. ఇవాళ మీ రొట్టె వాసనకి కూర్చున్నాడు. ఇప్పుడు మీరు లాక్కుంటే..."

ఆమె నా భుజం పక్కనుంచి తొంగిచూసింది. నాన్న రొట్టె తుంచి ఆలివ్ నూనెలో ముంచుకుని, తలెత్తకుండా తింటున్నాడు. ఆమె చేతిలోని రాళ్ళను చప్పుడు కాకుండా కింద పెట్టింది. ఆ తర్వాత వంటింటి తలుపుకు వేలాడుతున్న నిమ్మకాయల ఏప్రన్ మీద ఆమె చూపు ఆగిపోయింది.

"అది విదాద్ పిన్నిది కదూ?"

"మా అమ్మ మీకు తెలుసా?"

"కుట్టింది నేనే. ఏప్రనూ రొట్టెల గుడ్డా ఒకే తానులోంచి ఇచ్చాను. మిగిలిన ముక్క నేనుంచుకున్నాను." మెడలోని టేపును వేలికి చుట్టుకుంది. "ఇంకో రెండు కుట్టమని చెప్పి మళ్ళీ రాలేదు. ఇంకెక్కడో కుట్టించుకుందేమో అని తిట్టుకున్నాను కూడా. పోయిందని నాకు తెలీదు."

ఆమె పేరు సుకైనా. బట్టీ సందులోనే ఏప్రన్లు కుట్టే చిన్న దుకాణం ఆమెది. నేను జవాద్‌ని, ట్రామ్ డ్రైవర్ని. రోజూ ఊరంతా తిరుగుతాను గానీ ఆ సందులో ఏముందో ఒక్కరోజూ చూడలేదు.

మర్నాడు సాయంత్రం ఆ రెండు ఏప్రన్లూ పట్టుకొచ్చింది. ఒకదాని మీద పుదీనా ఆకులు, ఒకదాని మీద నారింజలు. రెండూ మగవాళ్ళ కొలతలు!

"వీళ్ళిద్దర్నీ వంటింట్లోకి దించకపోతే నా పేరు విదాద్ కాదు, అంది పిన్ని" అని చెప్పింది.

నాన్న పుదీనా ఏప్రన్ పట్టుకుని చాలాసేపు నిలబడ్డాడు. తర్వాత మెడకు తగిలించుకుని నా వైపు వీపు తిప్పాడు. "ముడి వెయ్యరా. మీ అమ్మతో వాదించి ఎప్పుడు గెలిచాం గనక."

అంతటితో ఊరుకుంటే నేను బుద్ధిమంతుణ్ణే. కానీ వచ్చే ఆదివారం ఆమె మళ్ళీ రావాలి కదా! బట్టీకి వెళ్ళి, "తాతా, నీకు పుణ్యముంటుంది, ఈసారి కూడా ఆ రెండు పలకలూ తారుమారు చెయ్యి" అన్నాను. అల్లాల్ తాత బోసినోటితో నవ్వాడు.

ఇక ప్రతి ఆదివారం ఇదే తంతు. సుకైనా పలక పట్టుకుని రుసరుసలాడుతూ వస్తుంది, "ఆ తాతకి చూపు ఆనడం లేదు, ఏం చెయ్యను" అంటుంది, నాన్న పుదీనా టీ పోస్తాడు, కూర్చుంటుంది. పైనంతా చిన్న చిన్న చిల్లులు పడే బగ్రీర్ అట్లు మా ఇద్దరికీ నేర్పింది.

"దీనికి వెయ్యి కళ్ళు పడాలి జవాద్. నీ అట్టుకి ఒక్క కన్నూ లేదు."

"నిన్ను చూసి సిగ్గుపడి మూసుకున్నాయేమో."

"మాటలు బానే కాలుతున్నాయి, అట్టే కాలట్లేదు!"

నాన్న నవ్వాడు. ఆ నవ్వు విని ఎన్నాళ్ళయిందో. దేవుడా, ఇంతకంటే నాకేం వద్దు అనుకున్నాను.

ఒక ఆదివారం గుడ్డ తీసి చూస్తే, లోపల మా రొట్టెలే ఉన్నాయి.

ఎవరూ తలుపు తట్టలేదు. నాన్న అప్పటికే మూడు గ్లాసులు పెట్టుకున్నాడు. "ఏరా, పిల్ల రాలేదే?"

"పలకలు మారలేదు నాన్నా."

ఆయన ఒక గ్లాసు తీసి పక్కన పెట్టాడు. తర్వాత తన గ్లాసు అందుకుని కిటికీ దగ్గరికి వెళ్ళి, నిలబడి తాగడం మొదలెట్టాడు.

ఆమె విసిగిపోయి, జాగ్రత్తగా చూసి ఇవ్వమని తాతకి చెప్పేసి ఉంటుంది. చెప్పులేసుకుని వానలోకి పరిగెత్తాను.

బట్టీ ముందు సుకైనా నిలబడి ఉంది, తడిసి ముద్దయి.

"మార్చొద్దని చెప్పావా?" అన్నాను.

"నేనా? నువ్వే చెప్పి ఉంటావు! మా తిండి మొహం మొత్తిందని నాతోనే అంటే పోయేదిగా!"

"అరవకండి!" అల్లాల్ తాత బయటికొచ్చాడు, ముక్కు మీద కొత్త కళ్ళజోడు. "ఈ పిల్ల పొద్దున్నే వచ్చింది. తాతా, కళ్ళజోడు వచ్చేసింది, ఇక నువ్వు పొరబడవు, కావాలనే మార్చెయ్ అంది. మార్చాను. వెనకే నువ్వొచ్చి ఎప్పటిలాగే మార్చమన్నావు. మళ్ళీ మార్చాను, ఎవరివి వాళ్ళకే చేరాయి. నేనేం చేసేది? ఎవరి మాటా కాదనలేకపోయాను."

"ఎప్పటిలాగే అంటే... ఇన్నాళ్ళూ నువ్వా?" అంది సుకైనా.

"మొదటిసారి తాత పొరపాటే."

"దొంగ!"

"నువ్వు మాత్రం?"

ఆమె తల దించుకుని నవ్వింది. ముక్కు కొసన మళ్ళీ అదే చినుకు.

"నువ్వంటే నాకు చాలా ఇష్టం సుకైనా" అన్నాను. "రొట్టెల కోసం కాదు. సరే, రొట్టెల కోసం కూడా."

"మీ అమ్మ కొలతలు చెప్పడానికి వచ్చిన రోజున..." తడి చేత్తో మొహం తుడుచుకుంది. "మావాడు పొడుగు, ట్రామ్ నడుపుతాడు, ఇంకా పెళ్ళి కాలేదు అని ఒకటికి పదిసార్లు చెప్పింది. ఏప్రన్ కుట్టడానికి పెళ్ళి సంగతెందుకో నాకప్పుడు అర్థం కాలేదు."

"ఇప్పుడో?"

"నారింజలది ఎంత శ్రద్ధగా కుట్టానో చూసుకోలేదా?"

ఆ వారమంతా నాన్న వెనకగదిలో తలుపేసుకుని రంపంతో ఏదో కోశాడు. ఆయన వడ్రంగి. అమ్మ పోయాక పనిముట్లు ముట్టుకోలేదు.

ఆదివారం పిల్లనడగడానికి బయల్దేరాం. చక్కెర దిమ్మ, పాలు, ఖర్జూరాలు ఆనవాయితీ ప్రకారం అన్నీ ఉన్నాయి. ఆనవాయితీలో లేనిది మా వేషం. ఇద్దరం ఏప్రన్లు కట్టుకుని వీధిన పడ్డాం. భుజం మీద నిమ్మకాయల గుడ్డ కప్పిన పెద్ద పలక మోస్తూ నాన్న ముందు నడిచాడు.

సుకైనా నానమ్మ మమ్మల్ని ఎగాదిగా చూసింది. "ఇదేం వేషం నాయనా?"

"మా ఇంట్లో పొద్దున టిఫిన్ మా ఇద్దరిదేనమ్మా. మీ మనవరాలు కూర్చుని తింటే చాలు." నాన్న గుడ్డ తీశాడు. కొత్త దేవదారు పలక, మామూలు దానికి రెట్టింపు వెడల్పు. దాని మీద మేం చేసిన రొట్టెలు. "రెండిళ్ళవీ దీని మీదే పడతాయి. ఇక అల్లాల్ మార్చడానికి ఏమీ ఉండదు."

ముసలావిడ పలకను తడిమి చూసింది. ఒక రొట్టె తుంచి, కదిలిన పన్ను వైపే పెట్టుకుని నమలడం మొదలెట్టింది. సుకైనా ఊపిరి బిగబట్టింది. నాకైతే ఊపిరే లేదు.

"పన్ను కదల్లేదు" అంది చివరికి. "పిల్లనిస్తాను."

అందరం ఒక్కసారే నవ్వాం. "టీ పెడతాను" అని సుకైనా లేవబోతే, నాన్న చెయ్యి అడ్డం పెట్టాడు. "కూర్చో తల్లీ, మాటంటే మాటే" అని నన్ను వంటింట్లోకి తోశాడు.

నేను టీ తెచ్చేసరికి నాన్న ఆమె పక్కనే కూర్చుని, రొట్టెకి తేనె రాసిస్తున్నాడు. నా కళ్ళు నిండిపోయాయి. నారింజల ఏప్రన్‌తో తుడుచుకున్నాను. అమ్మా, నువ్వు కొలతలు సరిగ్గానే చెప్పావు.