వరసలో చివరి కప్పు

"మీ బావను చంపబోతున్నారు," అన్నాడు చీఫ్, బయట వాన పడేలా ఉంది అన్నంత మామూలుగా.

ఏజెంట్ ముంగిస కుర్చీలోంచి సగం లేచాడు.

"కూర్చో. గ్రే గ్లవ్ ముఠా పని. మన సందేశాల కొత్త సైఫర్, అంటే రహస్య లిపి, కాగితం మీద ఎక్కడా లేదు, మీ బావ బుర్రలో ఉంది. ఆ బుర్ర ఆగిపోతే మన వైర్‌లెస్ మొత్తం మూగబోతుంది."

"అయితే ఆయన సెలవు క్యాన్సిల్ చెయ్యండి సార్."

"చేస్తే ముఠా జారుకుంటుంది. ఆయన మీ అక్కను తీసుకుని టీ తోటల ఊరికి వెళ్తున్నాడు. నువ్వూ వెంటపడు. మన మనుషులు కొందరు దూరంగా కాపలా ఉంటారు. వాళ్ళకు మాత్రం ఏమీ తెలియకూడదు." చీఫ్ ఒక కెమెరాను బల్ల మీదుగా ఇటు జరిపాడు. "చిన్న బటన్ ఫోటో తీస్తుంది. పెద్ద బటన్ మత్తు సూది వదులుతుంది. ఉన్నది ఒక్కటే సూది. అక్కడ వెల్వెట్ నిన్ను కలుస్తుంది."

"ఆవిడ ఇంకా మనవైపేనా?"

"పొద్దున అడిగితే మనవైపే అంది. ఇప్పుడు మధ్యాహ్నమైంది."

చుట్టాల లెక్కలో ముంగిస ఇన్సూరెన్స్ ఏజెంటు. ఆ 'ఏజెంటు' అన్నంతవరకే నిజం. తల్లి పోయాక అతనికి అన్నం పెట్టి, చదివించి, మనిషిని చేసింది అక్కే. శత్రువు తుపాకీ ఎదురుగా నవ్వగలిగినవాడికి, బావ లేని అక్క ముఖం ఊహించుకోవడం మాత్రం చేతకాలేదు.

కొండదారి ఎక్కుతున్నంతసేపూ అతను బస్సు వెనక అద్దంలోంచే చూశాడు. తోటలన్నీ దువ్వినట్టు వరసలుగా ఉన్నాయి. జనం వాటిని చూసి మురిసిపోతుంటే, మనిషి నడుము లోతున నక్కడానికి ఎంత చోటుందో అతను కొలుస్తున్నాడు. లాడ్జిలో దుప్పట్లు చెమ్మ వాసన వేశాయి, తలుపు గడియ సరిగ్గా పడలేదు. కుర్చీని తలుపుకు అడ్డం పెట్టాడు, మళ్ళీ తీశాడు, మళ్ళీ పెట్టాడు.

టిఫిన్ దగ్గర బావ టోస్టు కొరికేలోపే ముంగిస దాని మూల విరిచి నోట్లో వేసుకున్నాడు. ఎవరో ఒకరు ముందు రుచి చూడనిదే బావ గొంతులోకి ఏదీ దిగకూడదని అతను పెట్టుకున్న నియమం.

"నీ ప్లేట్లో లేనట్టు ఆయన ప్లేటు మీద పడతావేంట్రా?" అంది అక్క. "ఒక్క క్షణం కుదురుగా కూర్చోవు. ఒంట్లో బాగాలేదా?"

"ఆకలేస్తోందక్కా."

"పాలసీలు అమ్ముడుపోవట్లేదేమోలే, పాపం," అన్నాడు బావ.

అక్క కెమెరా లాక్కుని మెడలో వేసుకుంది. "మనుషుల్ని వదిలేసి కిటికీలనీ పైకప్పుల్నీ తీస్తున్నావు. ఇక నేనే తీస్తాను."

"సరే. ఆ పెద్ద బటన్ మాత్రం ముట్టుకోకు. పాడైంది."

వ్యూ పాయింట్ దగ్గర మంచు కమ్ముకుంది. రెయిలింగు పక్కన మెరూన్ కోటులో ఒకావిడ నిలబడి ఉంది. అంత మంచులో నల్ల కళ్ళద్దాలు పెట్టుకునే మనిషి వెల్వెట్ తప్ప ఇంకెవరూ ఉండరు.

"ఈ ఊళ్ళో ఎండ ఎప్పుడొస్తుంది?" అన్నాడు ముంగిస లోయలోకి చూస్తూ.

"అడిగినవాళ్ళకి రాదు." కోడ్ సరిపోయింది. ఆవిడ గొంతు తగ్గించింది. "ఇవాళ టీ ఫ్యాక్టరీలో ముహూర్తం పెట్టారు. ఎదురు గుట్ట మీద రైఫిల్. మీవాళ్ళందరినీ అక్కడ దించు. లోపల భయం లేదు."

అతను తన మనుషుల్ని గుట్ట మీదకు పంపాడు. పంపాక కూడా మనసు మనసులో లేదు.

ఫ్యాక్టరీ కింది అంతస్తులో రోలర్లు రొద పెడుతున్నాయి, గాలి నిండా పచ్చి ఆకు వాసన. పైన టేస్టింగ్ రూమ్. పొడవాటి బల్ల మీద తెల్లగుడ్డ, దాని మీద వరసగా తెల్లకప్పులు. సందర్శకుల గుంపులో వెల్వెట్ కూడా నిలబడింది. టేస్టర్ నెరిసిన మీసాలాయన, నడుముకు ఏప్రన్. చెంచాతో ఒక్కో కప్పులోంచి తీసుకుని గట్టిగా జుర్రుతూ చివరిదాకా వచ్చాడు.

"ఇది మా తోటలోకెల్లా మేలైన ఆకు." ఆ చివరి కప్పును బావ ముందుకు జరిపాడు. "సార్‌కి టీ సంగతి తెలిసినట్టుంది. తాగి చెప్పండి."

ముంగిస చెయ్యి అలవాటుగా ముందుకు పోయి ఆగింది. టేస్టర్ అందులోంచి తీసుకోవడం కళ్ళారా చూశాడు కదా. ఈ ప్రయాణంలో మొదటిసారి ఊపిరి తేలిగ్గా తీసుకున్నాడు.

"అదేంటండీ, నోట్లో పోసుకుని అంతా ఉమ్మేస్తున్నారు?" అంది అక్క.

"రోజంతా ఇదే పని కదమ్మా. మింగితే కడుపు ఏమైపోవాలి? టేస్టర్ అన్నవాడు ఎప్పుడూ మింగడు." నవ్వుతూ గ్లాసు నీళ్ళు తీసుకుని పుక్కిలించి, పక్కనున్న కుండీలో ఉమ్మాడు. మళ్ళీ పుక్కిలించాడు.

ముంగిస చూపు ఆ గ్లాసు మీద ఆగింది. మిగతా కప్పుల తరువాత ఆయన నీళ్ళ జోలికే వెళ్ళలేదు. కడుపులోకి దిగితేనే పనిచేసే విషాన్ని అందరి ఎదుటా రుచి చూసి, అనుమానం రాకుండా ఉమ్మేశాడు.

కప్పు బావ పెదవుల దాకా వచ్చింది. మధ్యలో బల్ల అడ్డం. ముంగిస చేతికందిన ఇంకో కప్పు తీసి విసిరాడు. అది వెళ్ళి బావ చేతికి తగిలింది. విషం కప్పు నేల మీద పగిలింది, బావ చొక్కా నిండా టీ.

టేస్టర్ చెయ్యి ఏప్రన్ కిందికి పోయింది. అక్కడ పిస్టల్ ఆకారం ఎత్తుగా కనిపిస్తోంది.

"అక్కా, ఆయన్నొక ఫోటో తియ్యి. పెద్ద బటన్ నొక్కు."

"ముట్టుకోవద్దన్నావుగా?"

"ఇప్పుడు ముట్టుకో."

చిన్నప్పుడు ఆవిడ చెప్పిన మాట అతను వినేవాడు. ఇప్పుడు అతని గొంతులో ఏం వినిపించిందో, ఆవిడ మారుమాట లేకుండా నొక్కింది. టేస్టర్ మెడ తడుముకుని, బల్లకు ఆనుకుని మెల్లగా కూలబడ్డాడు. జారిపడిన పిస్టల్ మీద మెరూన్ కోటు అంచు వచ్చి పడింది.

"కళ్ళు తిరిగినట్టున్నాయి, పాపం," అంది వెల్వెట్ అందరికీ వినపడేలా. వంగి హ్యాండ్‌బ్యాగు మూస్తూ ముంగిసకు మాత్రం వినపడేలా, "నాకూ రైఫిల్ అనే చెప్పారు. ఈ సాయంత్రం వరకు మీవైపే," అంది.

అక్క కెమెరాను అటూ ఇటూ తిప్పి చూస్తోంది. ఆవిడ పక్కన బావ క్షేమంగా నిలబడి, చొక్కా దులుపుకుంటూ ఎర్రగా చూస్తున్నాడు. ఆ కోపిష్టి ముఖం ముంగిసకు ఎంత ముద్దొచ్చిందో చెప్పలేం.

"ఏమోయ్ బావమరిదీ, నా ప్లేటు మీద పడ్డావు, ఊరుకున్నాను. ఇప్పుడు కప్పు మీద పడ్డావు. ఇక నీతో ప్రయాణమంటే ప్రాణాల మీద ఆశ వదులుకోవాల్సిందే. ఆ జీవిత బీమా ఏదో నాకూ ఒకటి చెయ్యి. ఇవాళే."

ముంగిసకు అప్పుడు పట్టింది చెమట. లాడ్జికి రాగానే చీఫ్‌కు ఫోన్ చేశాడు.

"మిషన్ సక్సెస్ సార్. కానీ పెద్ద చిక్కొచ్చి పడింది. మీకు తెలిసిన ఇన్సూరెన్స్ ఏజెంటు ఎవరైనా ఉన్నారా, నిజమైనవాడు?"