గోడవైపు కుర్చీ

ఆ ఇంట్లో భోజనాల బల్ల ఒక మూలకి ఆనుకుని ఉంటుంది. గోడవైపు కుర్చీలో కూర్చున్నవాళ్ళు బయటికి రావాలంటే ఇవతలి కుర్చీలో ఉన్నవాళ్ళు లేవాలి. గోడవైపు కుర్చీ కూతురు పిట్టది. ఇవతలి కుర్చీ వాళ్ళ నాన్నది. ఆయన అంత తేలిగ్గా లేవడు.

ఆ శనివారం పొద్దున కూడా లేవలేదు.

"మూడింట రెండు పెద్దదా, అయిదింట మూడు పెద్దదా? ఆలోచించి రాయి."

ఆరో తరగతి పిట్ట పుస్తకం వంక చూసింది. 'అయిదింట మూడు' అని రాసింది. తలెత్తి నాన్న వంక చూసింది. గబుక్కున రబ్బరు తీసి చెరిపేసి, 'మూడింట రెండు' అని దిద్దింది.

"అదీ! వచ్చు కదా నీకు. మరి పరీక్షలో ఏం రోగం?"

ఆ ఇంటిని పట్టి పీడిస్తున్న ప్రశ్న అదే. ఇంట్లో ప్రతి లెక్కా ఒప్పే. పరీక్షలో మాత్రం తెల్లకాగితం. మొన్న లెక్కల టీచరు తల్లిని పక్కకి పిలిచి, "హోమ్‌వర్కు వాళ్ళ నాన్నగారు చేసిపెడుతున్నారా?" అని అడిగింది. అది విన్నప్పటి నుంచి ఆయన ఉడికిపోతున్నాడు. ఇవాళ బడిలో పిల్లలతోపాటు తల్లిదండ్రులు కూడా లెక్కల క్లాసులో కూర్చోవాలట. ఎవరు చేస్తున్నారో అక్కడే తేల్చేస్తానని కాచుకుని ఉన్నాడు.

"నేను వెళ్తాలెండి," అంటూ భార్య వంటింట్లోంచి వచ్చింది. ల్యాబులో రక్తపరీక్షలు చేసే ఉద్యోగం ఆమెది. అప్పటికే భుజాన సంచీ తగిలించుకుంది. "కాస్త పర్మిషన్ అడుగుతాను. మీరెళ్తే అక్కడ యుద్ధమే."

"నేనొక్క జవాబు చెప్పి ఉంటే నాలుక కోసుకుంటాను. ఆ మాట నేనే చెప్పాలి ఆవిడకి."

"పిల్ల సరిగ్గా తిని ఎన్నాళ్ళయిందో చూశారా? ఈ బల్ల చూస్తేనే కడుపునొప్పి అంటోంది."

"లెక్కలంటే నాకూ కడుపునొప్పే! అందుకే ఇంజనీరు కావాల్సినవాణ్ణి పానా పట్టుకుని తిరుగుతున్నాను. దీని ముందు ఆ తలుపు మూసుకోనివ్వను."

"మంచిది. ముందు మీ కుర్చీ జరపండి. అది మొహం కడుక్కోవాలి."

అప్పుడే ఫోన్ మోగింది. బడి దగ్గర్లోని అపార్ట్‌మెంట్లో లిఫ్టు ఆగిపోయింది. లోపల ఎవరో పెద్దావిడ. లిఫ్టు మెకానిక్కి అలాంటి ఫోన్ వస్తే ఆలోచించడానికి ఉండదు. పనిముట్ల పెట్టె అందుకుని, పిట్టని స్కూటరెక్కించుకుని బయల్దేరాడు.

అక్కడ మెట్ల మీద జనం. లిఫ్టు రెండంతస్తుల మధ్య ఇరుక్కుంది. లోపల్నుంచి దబదబా బాదుతున్న చప్పుడు. ఆయన తలుపు సందుకి చెంప ఆనించాడు. మెట్ల మీద పెట్టె పట్టుకుని కూర్చున్న పిట్ట, నాన్న నోట ఎప్పుడూ వినని గొంతు ఒకటి విన్నది.

"అమ్మా, మెకానిక్ని. వచ్చేశాను. ఇక్కడే ఉంటాను."

"ఊపిరాడట్లేదు నాయనా! తలుపు లాగేస్తున్నా!"

"లాగకండమ్మా. భయమేస్తే వేయనివ్వండి, తప్పేం లేదు. మనకేం తొందర లేదు. మీకేం కనిపిస్తోందో నాకు చెప్పండి."

"ఏం కనిపిస్తుంది, నా మొహం! అద్దంలో జుట్టు విరబోసుకుని దయ్యంలా ఉన్నాను."

"దయ్యమైతే ఈపాటికి గోడలోంచి వచ్చేసేవారు కదండీ. ఇంకా ఏం కనిపిస్తోంది?"

లోపల బాదుడు ఆగింది. చిన్న నవ్వు వినిపించింది. "తలుపు పైన సన్నగా వెలుగు..."

"భలే చెప్పారు. అంటే మీరు కాస్త కిందకి ఉన్నారు. పైకి తెస్తాను, ఉండండి."

తలుపు తెరుచుకున్నాక ఆ మామ్మ ఆయన చెంప నిమిరింది. పిట్టని చూసి, "ఈయన కూతురివా? అదృష్టవంతురాలివే తల్లీ," అంది.

పిట్ట పెట్టె నాన్నకి అందించింది. స్కూటరెక్కాక అడిగింది. "భయపడొద్దని చెప్పలేదేం నాన్నా?"

"వద్దంటే పోతుందా? ఇంకా ఎక్కువవుతుంది." గేరు మార్చాడు. "సరే, ఏడో ఎక్కం అప్పజెప్పు."

క్లాసులో కుర్చీలన్నీ జంటలుగా వేసి ఉన్నాయి. వీపుకి వీపు ఆనించి.

"పిల్లలు ఏం ఆలోచిస్తున్నారో పైకి చెబుతూ చేస్తారు," అంది టీచరు. "పెద్దవాళ్ళు జవాబు చెప్పకూడదు. వినాలి. అంతే."

ఆయనకి దొరికింది గోడవైపు కుర్చీ. పిల్లల కుర్చీ కావడంతో మోకాళ్ళు గోడకి తగులుతున్నాయి. లేవాలంటే వెనక పిట్ట లేవాలి. ఎదురుగా సున్నం తప్ప ఏమీ లేదు.

లెక్క బోర్డు మీద ఉంది. నాలుగింట మూడు, ఆరింట అయిదు. ఏది పెద్దది?

చుట్టూ పిల్లల గొంతులు. తన వెనక మాత్రం నిశ్శబ్దం. టీచరు వచ్చి పక్కన నిలబడింది. ఆయన చెవులు వేడెక్కాయి.

"చెప్పవే."

టీచరు ఆయన వంకే చూస్తోంది.

"ఇంట్లో గడగడా చేస్తావుగా! నా పరువు తియ్యడానికేనా ఇదంతా?" అంటూ ఒక్కసారిగా వెనక్కి తిరిగాడు.

పిట్ట పెన్సిల్ గట్టిగా పట్టుకుని ఉంది. కాగితం ఖాళీగా ఉంది.

"నీ మొహం కనిపించట్లేదు నాన్నా."

"నా మొహంతో నీకేం పని?"

"తప్పు రాస్తే నీ కనుబొమలు పైకెళ్తాయి. ఒప్పయితే దిగుతాయి. అవి చూసే రాస్తాను. పరీక్షలో నువ్వుండవుగా."

ఆయన కనుబొమలు తడుముకున్నాడు. ఒక్క జవాబు కూడా చెప్పలేదన్నది నిజమే. చెప్పాల్సిందంతా మొహమే చెప్పేసింది.

"మరి... లెక్క చూడవా?"

"భయమేస్తుంది. నిన్నే చూస్తాను." పిట్ట పెన్సిల్ కింద పెట్టింది. "పొద్దున ఆ మామ్మతో మాట్లాడావు చూడు. నేను కూడా ఇరుక్కుపోయాను నాన్నా. నాతో అలా మాట్లాడవూ?"

టీచరు తల తిప్పేసుకుంది. ఆయన మెల్లగా మళ్ళీ గోడవైపు తిరిగాడు. గోడ మసకబారింది. రోజూ ఊరందరి తలుపులూ తెరిచే మనిషి, తన ఇంట్లో ఒక తలుపుకి తనే అడ్డంగా కుర్చీ వేసుకు కూర్చున్నాడు.

కాస్త వెనక్కి జరిగి పిట్ట వీపుకి వీపు ఆనించాడు.

"నేనిక్కడే ఉన్నాను తల్లీ. మనకేం తొందర లేదు. నీకేం కనిపిస్తోంది?"

చాలాసేపటికి వెనక పెన్సిల్ కదిలిన చప్పుడు వినిపించింది.

"రెండు పట్టీలు గీశాను. ఒకే పొడుగువి. ఒకటి నాలుగు ముక్కలు, ఒకటి ఆరు ముక్కలు. నాలుగు ముక్కలదే పెద్దదేమో... దాని ముక్కలు పెద్దగా ఉన్నాయిగా."

తప్పు. ఆయన కనుబొమలు నెత్తికెక్కాయి. 'హారాలు సమానం చెయ్యవే!' అన్న అరుపు గొంతుదాకా వచ్చింది. దాన్ని మింగడం, బరువైన లిఫ్టుని చేత్తో పట్టి ఆపినంత పనయింది.

"ఇంకా ఏం కనిపిస్తోంది?"

"మూడూ అయిదూ నింపేశాక రెండింట్లోనూ ఒక్కో ముక్క ఖాళీ మిగిలింది. ఇక్కడ ఖాళీ పెద్దగా ఉంది. అక్కడ చిన్నగా..." ఆగింది. "నాన్నా! ఖాళీ చిన్నగా ఉంటే, నిండింది ఎక్కువ కదా? ఆరింట అయిదే పెద్దది!"

ఆ దారి ఆయనకి ఎన్నడూ తోచలేదు. అవునో కాదో చెప్పమని పిట్ట అడగనూ లేదు.

సాయంత్రం భార్య వచ్చేసరికి ఇంట్లో ఏదో ఈడుస్తున్న చప్పుడు.

"ఇల్లు ఖాళీ చేస్తున్నామా ఏంటి?"

బల్ల మూలలోంచి గది మధ్యకి వచ్చేసింది. నలువైపులా దారే. పిట్ట రొట్టె నములుతూ పట్టీలు గీస్తోంది. ఆయన తన కుర్చీని గోడవైపు తిప్పేసుకుని, కూతురి వీపుకి వీపు ఆనించి కూర్చున్నాడు.

"అమ్మా, ఇటు రాకు. నాన్న ఇరుక్కున్నాడు. నేను చెప్పేదాకా లేవడానికి లేదు."

ఆమె చుట్టూ తిరిగి వచ్చి భర్త మొహం చూసింది. కళ్ళు తడిగా ఉన్నాయి. కూతురు వెనక నుంచి చెబుతున్న ఒక్కో మాటకీ కనుబొమలు పైకీ కిందకీ గెంతుతున్నాయి.

"ఏం చేస్తున్నారండీ?"

"ష్," అన్నాడాయన. "చెప్తోంది. విననీ."